నీలం సుద్ద

"ఆ కత్తెర ఇటిచ్చెయ్యమ్మా. ఇంకోసారి అడిగించుకోకు," అన్నాడు అన్నయ్య.

అమ్మ ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. కటింగు బల్ల ముందు స్టూలు మీద కూర్చుని కత్తెరని పాత గుడ్డముక్కతో తుడుస్తోంది. పొద్దున లేవగానే తుడిచిందే, మళ్లీ తుడుస్తోంది.

వదిన తెచ్చిపెట్టిన టీలు చల్లారిపోయాయి. అన్ని కప్పుల్లోకీ ఖాళీ అయింది ఒక్క నాన్న కప్పే. ఇల్లు కూలుతున్నా సరే, టీ తాగేశాకే లేచే మనిషి నాన్న.

మాకు కింది గది కొట్టు, పైన రెండు గదులు ఇల్లు. పేచీ ఏదైనా సరే కొట్లోనే, కటింగు బల్ల చుట్టూనే. ఇంటిల్లిపాదీ నిలబడటానికి చోటున్నది అక్కడే మరి. బల్లకి ఆ చివర లాయరు గారి నల్లకోటు గుడ్డ ముక్కలుగా పడుంది, పైన తెల్లగుడ్డ కప్పుకుని. శవం పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాం అందరం.

"కోటుకి రెండూ ఎడమ చేతులే కోశావు," అన్నాడు అన్నయ్య. "ఒక చేయి కుడిది, ఒక చేయి ఎడమది ఉంటుందని చంటిపిల్లాడికి కూడా తెలుసు. అంతకుముందు బళ్లో పంతులు గారి చొక్కా ఇంకెవరి కొలతలకో కోశావు. ఇప్పుడు రిపోర్టు కూడా అదే చెబుతోంది. ఇంకా నేనేం చూడాలి?"

"అరవకు," అన్నాను.

"నేను అరిచానా?"

అరవలేదు, నిజమే. అన్నయ్య అరిచే రకం కాదు. డ్రైవింగు స్కూల్లో కొత్తవాళ్లకి కారు నేర్పుతాడు. పక్క సీట్లో కూర్చుని, కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, ఎదుటివాడు తప్పు చేసేలోపే తొక్కేస్తాడు. ఇంట్లోనూ అదే అలవాటు. ఎవరి బతుకైనా కాస్త వేగం అందుకుందో లేదో, అన్నయ్య కాలు నేలకేసి నొక్కుకుంటుంది. భయం ఎక్కువ వాడికి. ఆ భయాన్ని మేం కోపమనుకుంటాం.

రిపోర్టు వాడి చేతిలోనే ఉంది. ఆ బొమ్మలు తీసింది నేనే. స్కానింగు సెంటర్లో మిషను నడిపేది నేను, బొమ్మలు చదివి రాసేది మా డాక్టరమ్మ. తలలో రెండు చెవుల వెనకా లోపలగా వేలెడంత భాగం ఉంటుంది, జ్ఞాపకాలు నిలబడటానికి అదే ఆధారం. హిప్పోక్యాంపస్ అని దాని పేరు. ఏదో కొత్త సబ్బు పేరులా ఉందన్నాడు నాన్న. అమ్మకి అది ఆమె వయసు ఆడవాళ్లలో ఉండాల్సినదానికంటే చిన్నగా ఉందని రిపోర్టు. ఆ వాక్యం కింద అన్నయ్య పెన్నుతో గీత కూడా గీశాడు.

"అయినా ఆడవాళ్ల మెదడు మొదట్నుంచీ చిన్నదేనటగా," అన్నాడు. భయం ఎక్కువైతే వాడికి హాస్యం పుడుతుంది. "ఉన్నదే కాస్త. అందులోనూ తగ్గితే ఎలా?"

"మీకు పెద్దదేగా," అంది వదిన. "కారు తాళం ఎక్కడ పెట్టారో చెప్పండి చూద్దాం."

అన్నయ్య జేబులు తడుముకున్నాడు. తాళం వదిన కప్పు పక్కనే ఉంది.

"మగవాళ్ల తలే పెద్దది అన్నయ్యా, కాబట్టి లోపలున్నదీ పెద్దదే," అన్నాను. "తల సైజు లెక్కలోంచి తీసేసి చూస్తే ఆ తేడా చాలామటుకు పోతుంది. అందుకే ఆడవాళ్లని ఆడవాళ్ల పక్కనా, మగవాళ్లని మగవాళ్ల పక్కనా పెట్టి చూస్తారు. నీకంటే చిన్నదని ఎవరూ ఏమీ తేల్చలేదు."

అప్పుడు అమ్మ నోరు విప్పింది. పొద్దుట్నుంచీ అదే మొదటి మాట.

"పెద్ద సైజు చొక్కా వేసుకునేవాడికి చిన్న సైజు వాడికంటే తెలివెక్కువని నేనెక్కడా చూడలేదురా. ఇన్నేళ్లుగా కోస్తున్నాను."

నాన్న ఫక్కున నవ్వాడు. అన్నయ్య నవ్వలేదు.

"నీకేమైనా అవుతుందేమోనని అమ్మా నా బాధ," అన్నాడు, గొంతు తగ్గించి. "ఆ కత్తెర చూడు, జానెడున్నర ఉంది. ఏదో ధ్యాసలో వేలు తెగిందనుకో. ఇస్త్రీపెట్టె ఆపడం మర్చిపోయావనుకో. సాయంత్రం క్లాసులయ్యాక వస్తాను. కత్తెర నాకివ్వు, కొట్టు మూసేద్దాం. చేసినంతకాలం చేశారు, చాలు."

అమ్మ నాన్నవైపు చూసింది. నాన్న ఖాళీ కప్పులోకి చూస్తున్నాడు.

"సాయంత్రం రా," అంది అమ్మ.

ఇరవై ఏళ్లప్పట్నుంచి ఆ కత్తెర పట్టుకుని బతికిన మనిషి, అంతే మాటతో ఒప్పేసుకుంది. నాకు ఒళ్లు మండింది. పోట్లాడొచ్చుగా. ఇంకా నాలుగు మాటలనొచ్చుగా. మాకు బువ్వ పెట్టింది, చదువులు చెప్పించింది ఆ కత్తెరే. దాన్ని తీసి ఇచ్చేస్తానంటే, ఇచ్చాక రేపు పొద్దున లేచి ఆవిడ చేతులతో ఏం చేసుకుంటుంది?

సంచీ భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాను.

*

సెంటర్లో డాక్టరమ్మ చీకటిగదిలో ఉంది. రెండు తెరల ముందు కూర్చుని వేయించిన పల్లీలు తింటూ ఎవరిదో వెన్నెముక చూస్తోంది.

"ఏంటి చిట్టీ, మొహం అలా ఉంది?"

చెప్పాను. కత్తెర సంగతి కూడా చెప్పాను. ఆవిడ పల్లీలు పక్కన పెట్టి అమ్మ బొమ్మలు తెర మీదకి తెప్పించింది.

"నిన్ననే అడుగుదామనుకున్నాను. మీ అమ్మగారికి నిజంగా అరవై ఒకటేనా?"

"కార్డులో అదే ఉంది. అదే ఎక్కించాను."

"కార్డు సంగతి కాదు. చూడు ఇక్కడ." పెన్ను మూతతో తెర మీద చూపించింది. "మధ్యలో ఈ నీళ్ల గదులు. పైన మడతల మధ్య సందులు. వయసొచ్చేకొద్దీ మెదడు కాస్త ఇంకుతుంది, ఇవన్నీ వెడల్పవుతాయి. నాకూ అవుతాయి, రేపు నీకూ అవుతాయి. ఏదో ఒక్కచోటే తగ్గిపోతే నేను భయపడతాను. ఈవిడకి అలా లేదు. మెదడంతా కలిసి ఒకేలా ముసలిదయింది. కాకపోతే అరవై ఒకటికి ఇది ఎక్కువ."

"అంటే?"

"అంటే, వయసు ఇంకాస్త ఉండుంటే నేనీ బొమ్మ చూసి తలకూడా ఎత్తేదాన్ని కాదు."

కొలతలు తీసే ప్రోగ్రాం మనిషిని గురించి అడిగేది రెండే ప్రశ్నలు. వయసెంత, ఆడా మగా. తల సైజు అదే చూసుకుంటుంది. ఆ రెండు జవాబులూ పట్టుకుని మనిషిని ఏ గుంపులో నిలబెట్టాలో తేల్చుకుంటుంది. ఆ గుంపులో మామూలుగా ఉండేవాళ్లందరికీ ఒక బూడిదరంగు పట్టీ గీసి, ఈ మనిషి దగ్గర ఒక చుక్క పెడుతుంది. అమ్మ చుక్క పట్టీకి కిందపడింది. మా ఇంట్లో రభసంతా ఆ చుక్క గురించే.

నేను వయసు గడిలో అరవై ఒకటి తీసి అరవై మూడు కొట్టాను. చుక్క ఉన్నచోటే ఉంది, పట్టీ కిందికి జరిగింది. అరవై ఐదు కొట్టాను. ఇంకాస్త జరిగింది. అరవై ఏడుకి చుక్క పట్టీ లోపలికొచ్చేసింది. అడుగు అంచుకి దగ్గర్లోనే, కానీ లోపలే.

తర్వాత ఆడ తీసి మగ అని పెట్టాను, ఊరికే చూద్దామని. చుక్క మళ్లీ కొంచెం బయటికెళ్లింది. వెంటనే మార్చేశాను.

అమ్మ తల అదే. లోపలున్నదీ అదే. నేను నొక్కిన రెండు జవాబుల్ని బట్టి ఆవిడ ఒకసారి జబ్బుమనిషి, ఒకసారి మామూలు మనిషి. ఈ ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఎంతమందికి వయసు కొట్టుంటాను. ఒక్కసారి కూడా కార్డు మీదున్నది నిజమేనా అని అడగలేదు.

"చిట్టీ," అంది డాక్టరమ్మ, "ఒక మాట చెబుతాను విను. ఉత్త కొలత చూసి జబ్బుందని అనకూడదు, లేదనీ అనకూడదు. మనిషితో మాట్లాడాలి. మీ అన్నయ్యకి అది అర్థం కాకపోతే నా దగ్గరికి పంపించు. ముందు వెళ్లి మీ అమ్మని అసలు వయసడుగు."

*

నేనొచ్చేసరికి కొట్లో అమ్మ ఒక్కతే ఉంది. నాన్న దారపు ఉండలకని బజారుకెళ్లాడట. అమ్మ అరల్లో ఉన్న గుడ్డల్ని రంగుల వారీగా సర్దుతోంది, కొట్టు ఇంకెవరికో అప్పజెప్పేదానిలా.

"అమ్మా, నీకెన్నేళ్లు?"

"అదేం ప్రశ్న?"

"కార్డులోది కాదు. నీకెన్నేళ్లు?"

సర్దడం ఆపింది. వీధి తలుపువైపు చూసింది. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసొచ్చింది.

"ఆ మిషన్లో అది కూడా తెలిసిపోతుందా?"

"తెలిసిపోయింది."

"అరవై ఏడు," అంది అమ్మ.

నాన్నకి అరవై నాలుగు. నేను లెక్కవేసుకుంటున్నానని ఆవిడకి తెలుసు, వేసుకోనిచ్చింది.

"నన్ను బళ్లో వేసేసరికి పదకొండేళ్లు. అప్పటిదాకా నా వెనక పుట్టినవాళ్లని ఎత్తుకుని తిరగడమే సరిపోయింది. చూడటానికి ఇంతే ఉండేదాన్ని." బల్ల ఎత్తుకి చెయ్యి పెట్టి చూపించింది. "పంతులు గారు నా మొహం చూసి ఐదేళ్లని రాసుకున్నాడు. మా అమ్మ కాదనలేదు. పెళ్లప్పుడు ఆ కాగితమే చూపించారు. మీ నాయనమ్మ చూసి, మూడేళ్లు చిన్నది, ఈడూజోడూ బాగుందంది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నువ్వు పుట్టాక చెబుదామనుకున్నాను. తర్వాత, ఇప్పుడేం చెబుతాంలే అనుకున్నాను."

"నాన్నకి తెలీదా?"

"తెలీదు."

నాకు నవ్వొచ్చింది. "అమ్మా, నీకేం లేదు. అరవై ఏడుకి నీది మామూలే. సాయంత్రం అన్నయ్య రాగానే చెప్పేద్దాం. నాన్న ఓ పూట మూతి ముడుచుకుంటాడు, అంతేగా. కత్తెర నీ దగ్గరే ఉంటుంది."

"వద్దు."

"ఇప్పుడు సిగ్గేంటమ్మా ఈ వయసులో?"

"వద్దన్నానా."

"కత్తెర ఇచ్చేస్తావా మూడేళ్ల కోసం?"

అమ్మ ఇంకో గుడ్డ తీసి అరలో పెట్టింది. నాకు మళ్లీ ఒళ్లు మండింది. బల్ల చివరికెళ్లి తెల్లగుడ్డ లాగేశాను. "మరి నీ మెదడు బాగానే ఉంటే ఇవెలా కోశావు? గుడ్డ మడతేసి కోస్తే కుడీ ఎడమా వాటంతటవే వస్తాయని నువ్వేగా నేర్పావు నాకు. మడతెయ్యకుండా ఒకే పొర మీద ఒకే గీత రెండుసార్లు గీసి కోశావు. కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు."

"పెట్టెయ్. నలుగుతుంది."

పెట్టలేదు. ఒక చేతిని తిప్పి చూశాను. నల్లగుడ్డ మీద తెల్లసుద్ద గీత, నీటుగా, అంచు చుట్టూ. అమ్మ గీత. మా కొట్లో ఇద్దరికీ చెరొక రంగు సుద్ద. అమ్మది తెలుపు, నాన్నది నీలం. పెళ్లయిన కొత్తలో తప్పు ఎవరిదని ప్రతి చొక్కాకీ పోట్లాడుకునేవాళ్లట. ఆ గొడవ పడలేక చెరొక రంగు పెట్టుకున్నారు. కోట్లు అమ్మే కోస్తుంది, చొక్కాలు నాన్న కూడా కోస్తాడు, ఎవరి గీత వారిది.

చంక దగ్గర గుడ్డ లోపలికి మడతపడి ఉంది. వేలితో ఆ మడత విప్పాను. అక్కడ నీలం.

ఇంకో చేయి తిప్పాను. అక్కడా అంతే. మిగతా చోటంతా బ్రష్షుతో దులిపేసి అమ్మే పైన తెల్లసుద్దతో గీసింది. మడతలో ఉన్నది మాత్రం మిగిలిపోయింది.

అమ్మ నా చేతిలోంచి ముక్కని మెల్లిగా తీసుకుంది. అంచుకి అంచు కలిపి మడత పెట్టింది.

"పంతులు గారి చొక్కా కూడానా?" అన్నాను.

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"కొన్నాళ్లయింది. నడుముకి టేపు చుట్టి అంకె చదువుతారు, రాసేలోపు మర్చిపోతారు. మళ్లీ చుడతారు. వచ్చినవాళ్లు నవ్వుతారు, ఈయనా నవ్వుతారు. మధ్యాహ్నం నేను పైకెళ్లి నడుం వాలుస్తానా, అప్పుడు కోస్తున్నారు. లేచొచ్చి చూస్తే ఇదిగో ఇలా ఉంటుంది. కోసింది తనేనని కూడా గుర్తుండదు."

అప్పుడు నాకు ఇంకోటి వెలిగింది. స్కానింగుకి రమ్మంటే అమ్మ పెట్టిన పేచీ. నేనొక్కదాన్నే వెళ్లను, ఆయన కూడా పడుకుంటేనే పడుకుంటాను అంది. భయపడుతోందని అందరం ఆటపట్టించాం. డాక్టరమ్మ సరేనంది. నాన్న కూడా పడుకున్నాడు, ఆ మోతలో గురకపెట్టి నిద్రపోయాడు, బయటికి తీశాక అప్పుడే అయిపోయిందా అన్నాడు. గడ్డలూ రక్తస్రావాలూ ఏం లేవని డాక్టరమ్మ పైపైన చూసి చెప్పింది. తోడుకని పడుకున్నవాడివి కొలతలెవరు తీస్తారు? నేను కూడా తియ్యలేదు.

"ఆయన్ని చూపించడానికే తీసుకొచ్చావా?"

"నువ్వు చూస్తావనుకున్నాను," అంది అమ్మ.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది.

"చెప్పొచ్చుగా అమ్మా. మా ఇద్దర్లో ఒక్కరికైనా చెప్పొచ్చుగా."

"చెబితే ఏం చేస్తారు? ఇవాళ నాకు చేసిందే ఆయనకి చేస్తారు. బల్ల చుట్టూ నిలబడి కత్తెర ఇయ్యమంటారు. నేను తట్టుకుంటానే చిట్టీ. ఆయన తట్టుకోలేరు. కొట్టు మూసేశారనుకో, నావల్ల మూసేశారని ఆయన నన్ను ఓదారుస్తూ కూర్చుంటారు. అదీ ఒక పనే కదా మనిషికి." మడతపెట్టిన ముక్క మీద తెల్లగుడ్డ కప్పింది. "నా మీద జాలిపడమను. పర్లేదు."

నాకేడుపొచ్చింది. ఏడ్చాను కూడా. అమ్మ ఊరుకోబెట్టలేదు. గుడ్డలు సర్దడం మొదలుపెట్టింది.

నేను వీధిలోకొచ్చి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. నాన్న బొమ్మలకి కొలతలు తీసి చూడమన్నాను. వయసు అరవై నాలుగు, మగ. రెండూ నిజమే, కార్డుతో పన్లేదు అన్నాను.

*

సాయంత్రం అన్నయ్యా వదినా కలిసి వచ్చారు. అన్నయ్య కూర్చోలేదు. నాన్న మిషను దగ్గర గుండీలు కుడుతున్నాడు. కుట్టినవి బాగానే కుట్టాడు, చేతులకి ఆ పని కంఠతా వచ్చు.

నా ఒళ్లో ఫోన్ ఉంది. డాక్టరమ్మ మెసేజి వీళ్లు రాకముందే వచ్చింది. రెండే వాక్యాలు. "కొలత ఒక్కదాంతో నేనేమీ అనను. రేపు మీ నాన్నగారిని తీసుకురా, నేనే కూర్చుని మాట్లాడతాను." అమ్మకి పైకెళ్లి చూపించాను. చదివి ఫోన్ వెనక్కిచ్చేసింది.

"అమ్మా," అన్నాడు అన్నయ్య.

అమ్మ లేచింది. కత్తెరని గుడ్డలో చుట్టి వాడి చేతిలో పెట్టింది. అంతే. పెద్ద గొడవవుతుందని దారంతా మాటలు కూడబెట్టుకొచ్చినట్టున్నాడు, ఏం చెయ్యాలో తోచలేదు. ఆ కత్తెర బరువెంతుంటుందో వాడు ఎప్పుడూ చూసుకోలేదు. చెయ్యి కాస్త కిందికి దిగింది.

"నా మీద కోపం పెట్టుకోకమ్మా," అన్నాడు.

"కోపమేం లేదురా."

వదిన అమ్మ పక్కకొచ్చి చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, కొన్నాళ్లు మా దగ్గరుండండి."

అప్పుడు నాన్న సూది పక్కన పెట్టాడు.

"కొట్టెందుకురా మూయడం?" అన్నాడు. "అది చెయ్యలేకపోతే నేను లేనూ? ఇన్నాళ్లూ అది కోసింది, నేను కుట్టాను. ఇకనుంచి నేనే కోస్తాను. అది అలా కూర్చుని కబుర్లు చెబుతుంది."

అన్నయ్య మొహం వెలిగింది. కొట్టు మూయడం వాడికీ ఇష్టం లేదు మరి. "నిజంగా చేస్తావా నాన్నా? నీకు ఓపికుందా?"

"ఓపికకేం? ఇటివ్వు."

కత్తెర అన్నయ్య చేతిలోంచి నాన్న చేతిలోకెళ్లింది. చుట్టిన గుడ్డ విప్పాడు. వేళ్లు రెండు గుండ్రాల్లో పెట్టి గాల్లో ఒకసారి ఆడించాడు, కుర్రాడిలా. బల్ల దగ్గరికొచ్చాడు. "ముందు లాయరు గారి పని చూద్దాం. మిగిలిన గుడ్డలో ఒక కుడిచెయ్యి వస్తుందేమో." చెవి మీంచి నీలం సుద్ద తీశాడు.

మిగిలిన గుడ్డ ఒక్కటే ముక్క. ఆ రకం బజార్లో ఇంక లేదని లాయరు గారే చెప్పారు. నాన్న దాన్ని బల్ల మీద పరిచాడు. మడతెయ్యకుండా పరిచాడు. ఆ ఎడమచేతినే పైన పెట్టి, దాని చుట్టూ గీయబోయాడు. గీసి కోస్తే మూడోదీ ఎడమచెయ్యే.

అమ్మ వదిన చెయ్యి విడిపించుకుంది.

"ఆగండి," అంది. నేనామె మొహం చూశాను. చూసి కళ్లు దించుకున్నాను. "కత్తెర నాకిచ్చెయ్యండి. నాకే జబ్బూ లేదు. ఆ రిపోర్టు తప్పు."

"అమ్మా, మళ్లీ మొదలుపెట్టకు," అన్నాడు అన్నయ్య.

"వాళ్లు అరవై ఒకటనుకుని చూశారు. నాకు అరవై ఏడు."

వదిన వేళ్లు మెల్లిగా మడిచి లెక్కవేసి, మధ్యలో ఆపేసింది.

అన్నయ్య నావైపు తిరిగాడు. "ఏంటే ఇది?"

"నిజమే," అన్నాను. "వయసు మార్చి చూశాం. అరవై ఏడేళ్ల ఆడమనిషికి ఆ కొలత మామూలే. డాక్టరమ్మని అడుగు కావాలంటే."

నాన్న సుద్ద పట్టుకుని అలాగే ఉన్నాడు.

"అంటే నాకంటే పెద్దదానివా?"

"మూడేళ్లు," అంది అమ్మ.

"నలభై ఏళ్లుగా నిన్ను చిన్నపిల్లవి, నీకేం తెలుసు అంటూనే ఉన్నానే."

"అంటూనే ఉన్నారు."

"ఒక్కసారీ ఎదురు చెప్పలేదు."

"బాగుండేది అంటుంటే."

నాన్న మొహం ఎర్రబడింది. కోప్పడతాడనుకున్నాను. నవ్వేశాడు. కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. వదినా నవ్వింది. అన్నయ్య స్టూలు మీద కూలబడి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "అయితే ఏం లేదన్నమాట. హమ్మయ్య. ఆ ఒక్క ముక్క పొద్దునే చెబితే పోయేదిగా అమ్మా, ప్రాణాలు తీశావు." వాడి గొంతు పిల్లాడిలా ఉంది. ఇల్లంతా ఒక్కసారి తేలికపడింది. నేను మాత్రం ఒళ్లో ఉన్న ఫోన్‌ని బోర్లా తిప్పాను.

నాన్న కత్తెర అమ్మకిచ్చేశాడు. రెండు చేతులతో ఇచ్చాడు. "తీసుకో పెద్దదానా," అన్నాడు.

తర్వాత బల్లవైపు చూశాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"నీ తల బాగానే ఉంటే, మరి ఇవెవరు కోశారే?"

"నేనే," అంది అమ్మ వెంటనే. "ధ్యాస లేదు ఆ పూట. తప్పయిపోయింది."

"నీకా? ధ్యాస లేకపోవడమా?"

నాన్న ఒక చేతిని తీసి లైటు కిందికి పట్టుకున్నాడు. తిప్పాడు. తెల్లగీత వెంట బొటనవేలు పోనిచ్చాడు. ఇన్నేళ్లుగా రోజూ పక్కన కూర్చుని చూసిన గీత. అంచు దాటి చంక దగ్గరికొచ్చాక వేలు ఆగింది. మడత విప్పాడు. చాలాసేపు చూశాడు.

అన్నయ్య మా అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు, వాడికింకా ఏం తెలీదు.

నాన్న తన వేళ్లకంటిన నీలం చూసుకున్నాడు. పంచెకి తుడుచుకోబోయి, తుడుచుకోలేదు. గుడ్డని ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే పెట్టి, నావైపు తిరిగాడు.

"చిట్టీ," అన్నాడు, "ఆ మిషన్లో నేను కూడా పడుకున్నాను కదమ్మా. నాదేం చెప్పింది?"